చెట్టు ఎప్పుడు కలప అవుతుంది?

ఈసారి గోడ పత్రికలో ఒకే ఒక్క మాట గురించి రాస్తున్నాను. ఆ మాట ‘టింబర్’. తెలుగులో కలప. ఒక్క మాటకి ఇంత పెద్ద వ్యాసమా అని నవ్వకండి. నాలుగు డ్రాయింగు షీట్లు పట్టింది, కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి.

సెలవులకి ఇంటికెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి ‘టింబర్ డిపో’ అనే బోర్డు మనందరం చూసే ఉంటాం. మైదానం వాళ్లు దాన్నే కలప అడితి అంటారు. లోపల దుంగలు పేర్చి ఉంటాయి, కోతమిల్లు రంపం చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తుంది. ఆ బోర్డు గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సి వచ్చింది మా అయ్య వల్ల.

రెండేళ్ల కిందట వానాకాలంలో పెద్ద గాలి వేసి మా పోడు అంచున ఒక నల్లమద్ది మాను వేళ్లతో సహా పడిపోయింది. మా ఇంటి దూలానికి అప్పటికే చెదలు పట్టి ఉంది. మా అయ్య, చిన్నాన్న కలిసి ఆ మానులోంచి దూలానికి సరిపోయే ముక్క నరికి, భుజాల మీద మోసుకొస్తుంటే దారిలో ఇద్దరు ఉద్యోగులు ఆపారు. “ఇది కలప. పర్మిట్ ఏదయ్యా?” అన్నారు. “కలప కాదు బాబూ, మా ఇంటి దూలం. చెట్టు మేం కొట్టలేదు, గాలికి పడింది” అన్నాడు మా అయ్య. దుంగని అక్కడే దింపించారు, గొడ్డలి తీసుకున్నారు, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని దాని నకలు చేతికిచ్చారు. దసరా సెలవులకి నేను వెళ్లగానే మా అయ్య ఆ కాగితం బయటికి తీసి “సదువు, ఏం రాశారో” అన్నాడు. ‘మద్ది కలప, దుంగ ఒకటి’ అని ఉంది. “దూలం అని రాయలేదా?” అని రెండుసార్లు అడిగాడు. లేదని చెప్పాను.

అప్పట్నుంచీ ఈ మాట నన్ను వదల్లేదు. మా ఇంట్లో గానీ మా ఊళ్లో గానీ ‘కలప’ అని ఎవరూ అనగా నేను వినలేదు. అలాగని మాకు మాటలు లేక కాదు. ప్రాణంతో నిలబడితే చెట్టు. బాగా పెరిగి లావెక్కితే మాను. ఆకు రాలి ఎండిపోతే మోడు. నరికాక నేలమీద మిగిలింది మొద్దు, పడినది దుంగ. ఇక ఇంటి పనిలోకి వచ్చిందా, పేరు మళ్లీ మారుతుంది: నడిమధ్య నిలబెడితే నిట్టాడు, అంచుల్లో పాతితే గుంజ, అడ్డంగా ఎక్కిస్తే దూలం, ఏటవాలుగా దించితే వాసం. పొలంలోకి వెళితే కాడిమాను, మేడి. పొయ్యిలోకి వెళితే కట్టె. దానికంటే సన్నం పుల్ల. చెక్కుతుంటే ఎగిరిపడేవి పేళ్లు. రంపం కింద రాలేది పొట్టు. ఒక్క చెట్టే, ఏ పని చేస్తే ఆ పేరు.

ఇందులో సగం మాటలు మనుషులకి కూడా తగిలించేశాం. లెక్కలు రాకపోతే మొద్దు. వార్డెన్ గారు పొద్దున్నే అయిదింటికి లేపినా లేవకపోతే మొద్దు నిద్ర (మన రెండో గదివాళ్లు ఇది చదువుతున్నారని ఆశిస్తున్నాను). అన్నం పెట్టిన చోటే చెడు చేస్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. గట్టివాడైతే చేవ ఉన్నవాడు. ఈ ‘చేవ’ సంగతి కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే అసలు గొప్ప అంతా దానిలోనే ఉంది. తమిళంలో మరం అంటే చెట్టూ అదే, కర్రా అదే. మన ‘మ్రాను’ కూడా ఆ ఇంటి మాటే. మనం మాత్రం చెట్టు వేరు, కర్ర వేరు అని విడదీసి పెట్టుకున్నాం.

తరవాత లైబ్రరీలో పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ తీసి ‘టింబర్’ వెతికాను. ఇంగ్లీషు మాష్టారు పక్కన కూర్చుని సాయం చేశారు. అక్కడ నాకు పెద్ద ఆశ్చర్యం దొరికింది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో టింబర్ అంటే ఇల్లు, కట్టడం అని అర్థమట! ఇల్లు కట్టే పనికీ అదే మాట. తరవాత తరవాత ఇల్లు కట్టడానికి వాడే కర్రకి ఆ పేరు మిగిలింది. జర్మను భాషలో ఈ మాటకి చుట్టమైన ‘త్సిమ్మర్’ అనే మాటకి ఇప్పటికీ గది అనే అర్థం. వడ్రంగిని ‘త్సిమ్మర్‌మాన్’ అంటారు. కాబట్టి మా అయ్య “కలప కాదు, మా ఇంటి దూలం” అన్నాడే, పాత ఇంగ్లీషు ప్రకారం ఆ రెండూ ఒకటే. ఇది మా అయ్యకి చెప్తే నవ్వాడు. “ఆళ్లకి తెలుసా ఈ సంగతి?” అన్నాడు.

ఇప్పటి ఇంగ్లీషులో కూడా ఈ మాట ఒక్క చోట కుదురుగా ఉండదు. ఇంగ్లండులో టింబర్ అంటే కోసి పలకలు, దూలాలు చేసిన కర్ర. అమెరికాలో కోసిన దాన్ని ‘లంబర్’ అంటారు, టింబర్ అంటే ఎక్కువగా అడవిలో ఇంకా నిలబడి ఉన్న చెట్లే. అక్కడ చెట్టు కూలేటప్పుడు కింద ఉన్నవాళ్లు తప్పుకోవడానికి కొట్టేవాళ్లు ‘టింబర్!’ అని కేక వేస్తారు. పాత ఓడలకి పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలని టింబర్లు అంటారు. పెద్ద పదవికి తగిన మనిషిని మంచి టింబర్ అని పొగుడుతారు, మనం చేవ ఉన్నవాడు అన్నట్టే. క్రికెట్‌లో స్టంపులు ఎగిరినా సరదాకి ఇదే మాట. ఇంకో వింత: పాతకాలం బొచ్చుతోళ్ల వ్యాపారంలో 40 తోళ్ల కట్టని కూడా టింబర్ అనేవారు. సంగీతంలో గొంతు గుణాన్ని చెప్పే ‘టింబర్’ మాత్రం దీనికి చుట్టం కాదు. దాని స్పెల్లింగు చివర వేరే, పలికేది ‘టాంబర్’ అని. అది ఫ్రెంచి నుంచి వచ్చింది. పరీక్షలో కలపకండి.

ఇక చేవ. దుంగ అడ్డంగా కోసి చూడండి. మధ్యలో ముదురు రంగు, చుట్టూ లేత రంగు కనిపిస్తుంది. చుట్టూ ఉన్న లేత భాగంలోంచే నీళ్లు వేళ్ల నుంచి ఆకుల దాకా పోతాయి. మన సైన్సు పుస్తకంలో దారువు అని ఉన్నది అదే. చెట్టు పెరిగేకొద్దీ లోపలి దారువు నీళ్లు మోయడం మానేస్తుంది, దానిలో రంగులు, నూనెలు, చేదు పదార్థాలు పేరుకుంటాయి. అది చేవ. పురుగుకీ చెదకీ అది సయించదు. అందుకే మేస్త్రీ దుంగని కొనేముందు లావు చూడడు, చేవ ఎంతుందో చూస్తాడు. టేకు అంత గిరాకీ ఉన్నది దాని చేవలో నూనె ఉండబట్టే. ఏగిస చేవతో చేసిన గ్లాసులో నీళ్లు పోసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి నీళ్ల రంగు మారిపోతుంది, షుగరు ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగుతుంటారు. నల్లమద్ది బరువు, గట్టి, దూలానికీ బండికీ మంచిది. ఎర్రచందనం చేవ మరీ బరువు, నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. అది మన వైపు లేదు, శేషాచలం కొండల వైపు ఉంది. అన్నిటికీ చేవే కావాలనీ లేదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకి వాడే పొనికి కర్ర చాలా తేలిక, మెత్తన. ఏటికొప్పాక లక్కబొమ్మలకి అంకుడు కర్ర. దూలానికి పనికిరాని కర్ర బొమ్మకి పనికొచ్చింది.

మా తాత వెదురు కొడితే అమావాస్య దగ్గర పడ్డాకే కొడతాడు, తరవాత వాగులో రాళ్ల కింద నానేస్తాడు. పురుగు పట్టదంటాడు. సైన్సు మాష్టారిని అడిగితే, వెదురులో పిండిపదార్థం కోసమే ఆ పురుగు వస్తుంది, నానేస్తే అది కరిగి తగ్గిపోతుంది అన్నారు. అమావాస్య సంగతి మాత్రం ఆయన ఏమీ చెప్పలేదు, నవ్వి ఊరుకున్నారు.

లెక్కలంటే ఇష్టమైన వాళ్లకి ఒక లెక్క. దుంగ గుండ్రంగా ఉంటుంది కదా, డిపోలో దాన్ని ఘనపుటడుగుల్లో ఎలా కొలుస్తారు? చుట్టూ టేపు వేసి ఆ కొలతని నాలుగుతో భాగిస్తారు. వచ్చిన దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు అనుకోండి. నాలుగో వంతు 1. ఒకటి ఒకట్ల ఒకటి, ఇంటూ 10, మొత్తం 10 ఘనపుటడుగులు. ఇప్పుడు మనం తొమ్మిదో తరగతిలో నేర్చుకున్న స్థూపం సూత్రంతో చేయండి. 12.73 వస్తుంది! అంటే ప్రతి దుంగలోనూ అయిదో వంతుకి పైగా లెక్కలోకి రాదు. దుంగని చదరం చేసేటప్పుడు బెరడు, పక్క చెక్కలు పోతాయి కాబట్టి అలా వదిలేస్తారట. 1736లో హాప్పస్ అనే ఇంగ్లీషాయన ఈ పద్ధతికి పట్టికల పుస్తకం వేశాడు. ఆ పక్క చెక్కలు మిల్లువాడు మళ్లీ కట్టెల కింద అమ్ముకుంటాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంటికి వాడుకునే కర్ర మీద సర్కారుకి అంత పట్టింపు ఎందుకొచ్చింది? సోషల్ పుస్తకంలో మనం చదివిందే. ముందు ఓడలకి టేకు కావాల్సి వచ్చింది, తరవాత రైళ్లకి. రైలు పట్టా కింద వేసే స్లీపర్లు అప్పట్లో కర్రవే. మైలు పట్టాకి 1760 నుంచి 2000 దాకా కావాలి. మద్రాసు నుంచి దక్షిణాదిలో తొలి రైలు 1856లో నడిచింది. దేశంలో అటవీ శాఖ 1864లో పెట్టారు. మన వైపు మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. అంటే రైలు ముందు, అడవి చట్టం తరవాత. మన మన్యంలో దుంగలనీ వెదురునీ తెప్పలు కట్టి గోదావరిలో రాజమండ్రి దాకా తేల్చుకుపోయేవారు. పచ్చి టేకు నీళ్లలో తేలదు. అందుకని చెట్టు నిలబడి ఉండగానే చుట్టూ బెరడు, లేత కర్ర గాడిలా కోసేసి, రెండు మూడేళ్లు ఎండనిచ్చి తరవాత కొట్టే పద్ధతి ఒకటుంది. బర్మాలో దానికి పెద్ద పేరు. ఆ కొట్టుడు పని ఎవరు చేశారంటే మనవాళ్లే. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు గోదావరి గట్టున కొండరెడ్ల ఊళ్లలో తిరిగి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. కలప వ్యాపారుల దగ్గర అప్పుపడి కొండరెడ్లు వాళ్లకే వెదురు, కలప కొడుతూ ఉండిపోయిన సంగతి అందులో ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం జనం నడవడానికి రోడ్డు పనుల వెట్టి ఒక కారణమైతే, పోడు మీదా అడవి మీదా పెట్టిన ఆంక్షలు ఇంకో కారణం.

చట్టంలో టింబర్‌కి ఏం అర్థం ఇచ్చారో మాష్టారు చదివి చెప్పారు. 1927 భారత అటవీ చట్టం రెండో సెక్షనులో ఉంది. నా మాటల్లో చెప్పాలంటే ఇలా: పడిపోయిన చెట్లు గానీ నరికిన చెట్లు గానీ టింబరే. కోసినా, చెక్కినా, తొలిచినా, అసలు ఏమీ చేయకపోయినా కర్ర అంతా టింబరే. మా అయ్య ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది, చేదుగా ఉన్నా సరే. గాలికి పడిందా, మనం కొట్టామా అని ఆ అర్థం అడగదు. ఆ లెక్కన నిలబడి ఉన్నంతసేపు చెట్టు, నేలకి తగిలిన క్షణం నుంచి కలప. తొలిచినదీ కలపే కాబట్టి మా అమ్మ దంచే కర్ర రోలూ కలపే, పండగకి కొట్టే డోలు కూడా కలపే. పైగా అదే చట్టం 69వ సెక్షను ప్రకారం, అటవీ ఉత్పత్తి సర్కారుదా కాదా అని తగాదా వస్తే, కాదని రుజువు అయ్యేదాకా సర్కారుదనే అనుకోవాలి. మన రాష్ట్రానికి 1967లో సొంత అటవీ చట్టం వచ్చింది, కానీ కలపని చూసే చూపు ఆ పాతదే. డిపోలో దుంగల చివర సుత్తితో కొట్టిన ముద్ర చూశారా? అది ఉంటే సరైన దారిలో వచ్చిన కలప అని గుర్తు. మా అయ్య దుంగకి ఆ ముద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

వెదురు కథ ఇంకా తమాషా. వెదురు గడ్డి జాతి మొక్క, ఇది మన సైన్సు. 1927 చట్టంలో మాత్రం దాన్ని చెట్ల జాబితాలో చేర్చారు. చెట్టయితే కొట్టాక కలపే కదా. తొంభై ఏళ్లు గడ్డి కలపగా బతికింది! 2017 నవంబరులో ఆర్డినెన్సు తెచ్చి, తరవాత చట్టం సవరించి, చెట్ల జాబితాలోంచి వెదురుని తీసేశారు. ఆ సవరణ వల్ల అడవి బయట పెంచిన వెదురుకి ఆ బాధ పోయింది. అంతకంటే ముందే 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, దుంపలు, మొద్దులు, పొదల పుల్లలు ఇవన్నీ సేకరించుకుని అమ్ముకునే హక్కు తరతరాలుగా అడవిలో ఉంటున్న మనకి ఉందని ఆ చట్టం చెప్పింది. అయితే ఆ జాబితా మొదలయ్యేదే ‘కలప కాని’ అనే మాటతో. అంటే మొద్దు మనది, దుంగ మనది కాదు. ఒకే చెట్టులో గీత ఎక్కడ గీశారో చూడండి.

అదే చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఊరికి బడి, దవాఖానా, అంగన్‌వాడీ లాంటివి కట్టాలంటే హెక్టారుకి 75 చెట్లకి మించకుండా తీసి ఆ చోటు ఇవ్వొచ్చు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఇంకోటి, పూర్వం నుంచి ఊరివాళ్లు అడవిని వాడుకుంటున్న హక్కులు, జమీందారీల కాలం నాటివైనా సరే, ఏ పేరుతో ఉన్నా అడగొచ్చని ఉంది. ఒక్కో ఇంటి పోడు భూమికి అయితే ఫారం-ఎ, ఊరంతటి హక్కులకి అయితే ఫారం-బి. గ్రామసభలో అటవీ హక్కుల కమిటీకి ఇవ్వాలి. మా ఊళ్లో ఫారం-ఎ అందరికీ తెలుసు. ఫారం-బి గురించి అడిగితే పెద్దలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సంక్రాంతి సెలవులకి ఒక కాపీ తీసుకెళ్తున్నాను. దూలానికి అది పనిచేస్తుందో లేదో కమిటీ వాళ్లు చెప్పాలి. ఎవరికైనా కావాలంటే ఆఫీసు గదిలో జిరాక్సు తీయిస్తానని వార్డెన్ గారు ఒప్పుకున్నారు, కాగితం మనం తెచ్చుకోవాలి.

ఆ దుంగ సంగతి అడుగుతారేమో. దింపిన చోటే ఉంది. ఎవరూ తీసుకెళ్లలేదు. మొదటి ఏడు బెరడు ఊడింది, రెండో ఏడు కుక్కగొడుగులు మొలిచాయి, చుట్టూ లేత కర్ర అంతా చెదలు తినేశాయి. మొన్న నేను కాలితో తన్ని చూస్తే లోపల చేవ మాత్రం ఇంకా గట్టిగా ఉంది. మా ఇంట్లో పాత దూలానికి కింద రెండు వెదురు బొంగులు ఆనించి ఉన్నాయి.

ఈ వ్యాసం కింద ఒక ఖాళీ కాగితం అంటించాను. మీ ఇంట్లో, మీ భాషలో నిట్టాడుని, దూలాన్ని, వాసాన్ని, చేవని ఏమంటారో రాయండి. కోయ, కొండదొర, కొండరెడ్డి, వాల్మీకి, ఎవరైనా సరే, తెలుగు అక్షరాల్లోనే రాయండి. వచ్చే సంచికలో అన్నీ వేస్తాను. పెన్ను దారంతో మేకుకి కట్టి ఉంది, దయచేసి ఎవరూ పట్టుకుపోవద్దు.